మూడో గోల్‌కీపర్

పదకొండేండ్ల కింద ఒక ఆదివారం పొద్దున, నిజామాబాద్‌ల ఒక మట్టి గ్రౌండు పక్కన ప్లాస్టిక్ కుర్చీలేసుకొని ముగ్గురం కూసున్నం. జిల్లా ఆడపిల్లల హాకీ టీముకు సెలక్షన్లు. అరవై మంది దాకా పిల్లలు వచ్చిన్రు, తీసుకునేది పద్దెనిమిది మందిని. ఆ పద్దెనిమిది మంది రాష్ట్ర పోటీలకు పోతరు, అక్కడ మంచిగ ఆడినోళ్లు ఇంకా పైకి పోతరు. ఎంపిక చేసే ముగ్గురిల నేనొకదాన్ని. అప్పుడు నేను బోధన్ దగ్గరి ఒక ఊర్ల సర్కారు హైస్కూలుకు పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. సెలక్టర్ కుర్చీల కూసునుడు అదే మొదటిసారి.

ఆ రోజు మధ్యాహ్నం నా నోట్లకెళ్లి ఒక మాట వచ్చింది. చిన్న మాటనే. విన్నది ఇద్దరే. దాని సంగతి ఏండ్ల తరబడి ఎవ్వలికి చెప్పుకోలేదు. చెప్పుకుందామంటె మనిషి గూడ లేకుండె.

ముందు ఆ పిల్ల గురించి చెప్పాలె.

ఆ పిల్ల ఎనిమిదో తరగతిల మా బడికి వచ్చింది. వాళ్ల బాపు బస్సు డ్రైవరు, అవ్వ ఇంట్ల బీడీలు చేస్తది. ఆటల పీరియడ్‌ల అందరు హాకీ కట్టెల కోసం కొట్లాడుతుంటె ఈమె గోడకు ఒరిగి నిలవడేది. ఎందుకు ఆడవని అడిగితె, "ఉరుకుడు నాతోని కాదు మేడం" అన్నది.

"అయితె గోల్ల నిలవడు. అక్కడ ఉరికే పని లేదు" అని చెప్పిన. నిజానికి ఆమె ఏదో ఒక చోట నిలవడితె నాకు లెక్క కుదురుతదని చెప్పిన మాట అది.

ఆ మొదటి రోజే పదో తరగతి పిల్ల కొట్టిన బంతి సీదా వచ్చి ఆమె మోకాలికి తగిలింది. ప్యాడ్లు లేవు. హాకీ బంతి రాయంత గట్టిగ ఉంటది. పిల్లలందరు ఆగిపోయిన్రు. నేను ఉరుక్కుంట పోయిన. ఆమె కూసోలేదు, ఏడ్వలేదు. కింద వడ్డ బంతిని కాలుతోని పక్కకు నూకి, కొట్టిన పిల్ల దిక్కు చూసి, "ఇంగ కొట్టు" అన్నది.

అట్ల మాకు గోల్‌కీపర్ దొరికింది. మొదట్ల క్రికెట్ ప్యాడ్లు కట్టి, నా మోటర్‌సైకిల్ హెల్మెట్ పెట్టి నిలవెట్టిన. తర్వాత నిజామాబాద్‌ల ఒక క్లబ్బు వాళ్లు పాత సామాను పారేస్తుంటె అడిగి తెచ్చిన. అతుకులేసిన కాలి ప్యాడ్లు, ఒక చేతికి సగం చినిగిన గ్లౌజు. ఆమె ఆ గ్లౌజును ఇంటికి తీస్కపోయి దబ్బనంతోని కుట్టుకొని తెచ్చుకున్నది.

నా భర్త అప్పుడు మస్కట్‌ల పని చేస్తుండె. రెండేండ్లకొకసారి వచ్చి నెలదినాలు ఉండి పోయెటోడు. మాకు పిల్లలు లేరు. బోధన్‌ల కిరాయి ఇంట్ల ఒక్కదాన్నే ఉండేదాన్ని. పొద్దుగాల ఐదున్నరకు గ్రౌండుకు పోతె, నా కన్న ముందే వచ్చి ఆ పిల్ల ప్యాడ్లు కట్టుకుంట కూసునేది. మిగిలిన పిల్లలు ఆరున్నరకు వచ్చెటోళ్లు. ఆ గంట మా ఇద్దరిదే. నేను కొట్టుడు, ఆమె ఆపుడు. రోజుకు వంద బంతులు. లెక్క ఆమెనే పెట్టుకునేది. నేను ఆయాసపడి ఆగితె, "ఇంకా తొమ్మిది ఉన్నయి మేడం" అనేది.

గ్రౌండు అవతల చెరుకు తోట. అప్పటికే మా దిక్కు చెరుకు తగ్గి వరి, సోయా వచ్చినయి, గని ఆ ఒక్క తోట మిగిలింది. నేను గురి తప్పి కొట్టిన బంతులు అందుల పడేటియి. ఇద్దరం వంగి వంగి దేవులాడేటోళ్లం. చెరుకు ఆకు చేతులను సన్నగ కోస్తది. బయటికి వచ్చినంక ఆమె తన చేతులు చూసుకొని, తర్వాత నా చేతులు చూసి, "మీకే ఎక్కువ తెగినయి" అనేది. ఇంతకు మించి మేము మాట్లాడుకున్నది తక్కువ. ఇంటికి పోయి ఆ దినమంత ఎవ్వలితోని మాట్లాడకున్నా నాకు ఏం అనిపించకపోయేది. ఆ గంట నాకు సరిపోయేది.

రెండేండ్లు అట్లనే గడిచినయి. ఆమె పదో తరగతికి వచ్చినంక, జిల్లా సెలక్షన్లకు సెలక్టర్‌గ రమ్మని నాకు కబురు వచ్చింది. మా బడికెళ్లి ఆరుగురు పిల్లలను తీస్కపోవాలె. అందుల ఆమె ఒకతె.

ఆ పొద్దున గ్రౌండు గేటు దగ్గర పిల్లల తల్లిదండ్రులు గుంపుగ నిలవడ్డరు. నేను పిల్లలను తోల్కొని పోతుంటె ఎనకకెళ్లి ఒకాయన ఇంకొకాయనతోని అంటుండు. "ఆ మేడం సెలక్టరట. ఆమె వెంబడి వచ్చినోళ్ల పేర్లు రాసిపెట్టుకో. అందరు టీములకు ఎక్కుతరు."

నాకు వినవడాలెననే అన్నట్టున్నడు. ఎనకకు మల్లలేదు గని చెవులు వేడెక్కినయి. అంతకు ముందటి ఏడు గూడ గట్లాంటి మాటలే వచ్చినయి, ఎవరి బడి పిల్లలను వాళ్లే తీసుకున్నరని. ఈ ఏడు నా మీద ఆ మాట రావద్దని, కుర్చీల కూసోక ముందే మనసుల గట్టిగ అనుకున్న.

మిగిలిన ఇద్దరు సెలక్టర్లల ఒకాయన రిటైరయిన పీఈటీ. అందరు పెద్దసారు అనెటోళ్లు. ఇంకొకాయన టౌన్‌ల క్లబ్బు నడిపే కోచ్. పొద్దంత పిల్లలను ఉరికించి, బంతి కొట్టించి, మధ్యాహ్నానికి ముప్పై మందికి తగ్గించినం. తర్వాత ఎర్ర జట్టు, తెల్ల జట్టు అని రెండు చేసి మ్యాచు పెట్టినం.

గోల్‌కీపర్లు ముగ్గురు మిగిలిన్రు. తీసుకునేది ఇద్దరిని. అందుల టౌన్ పిల్ల ఒకతె, అప్పటికే రాష్ట్రానికి ఆడి వచ్చింది. ఆమె గురించి వాదన లేదు. రెండో జాగ కోసం ఇద్దరు, మా పిల్ల, ఆర్మూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్ల. మా పిల్లను ఎర్ర జట్టుకు నిలవెట్టిన్రు. మొదటి సగం తెల్ల జట్టుకు టౌన్ పిల్ల, రెండో సగం ఆర్మూర్ పిల్ల.

మ్యాచు మొదలైన పది నిమిషాలకే సంగతి తెలిసింది. ఎర్ర జట్టుల మంచి ఆటగాళ్లు ఎక్కువ పడ్డరు. బంతి ఎప్పుడూ తెల్ల జట్టు గోలు దిక్కే ఉన్నది. రెండో సగంల ఆర్మూర్ పిల్ల మీద వానలెక్క పడ్డయి బంతులు. మూడు గోల్లు పోయినయి గని, ఏడెనిమిది ఆపింది. ఒకటయితె పక్కకు పండి చేతుల కట్టెతోని ఆపింది. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ కొట్టిన.

మా పిల్ల దగ్గరికి మ్యాచు మొత్తంల మూడు బంతులు వచ్చినయి. ఒకటి బయటికి పోయింది. ఒకటి మెల్లగ వస్తె కాలుతోని నూకింది. ఇంకొకటి పెనాల్టీ కార్నర్. కొట్టిన బంతి ఎవరి కట్టెకో తగిలి దారి మారి, ఆమె కాళ్ల నడుమకెళ్లి లోపలికి పోయింది. అంతే. మిగిలిన టైమంత ఆమె గోల్ల ఒక్కతె నిలవడి అవతలి కొస ఆటను చూసింది.

ఆట అయినంక ముగ్గురం కాగితం మీదికి వంగినం. పదిహేడు పేర్లు జల్దిగనే తేలినయి. గోల్‌కీపర్ జాగ దగ్గర ఆగింది. క్లబ్బు కోచ్ ఆర్మూర్ పిల్ల పేరు చెప్పిండు. పెద్దసారు పెన్ను నోట్ల పెట్టుకొని గ్రౌండు దిక్కు చూసిండు.

"మేడం, మీ పిల్లకు బంతే రాలేదు. ఏం చూసినం మనం?" అన్నడు. "ఒక పది నిమిషాలు ఆమెను తెల్ల జట్టు దిక్కు నిలవెట్టి ఆడిపిద్దామా? పిల్లలు ఇంకా ఇక్కడనే ఉన్నరు."

క్లబ్బు కోచ్ కాదనలేదు. "మేడం ఎట్లంటె అట్ల" అన్నడు.

ఇద్దరు నా మొఖం చూస్తున్నరు. గేటు దగ్గర మాటలన్న ఆయన గ్రౌండు చుట్టు కట్టిన తాడు అవతల నిలవడి మా దిక్కే చూస్తుండు.

"అక్కర్లేదు సార్. చూసినం గద, చాలు" అని చెప్పిన.

పెద్దసారు కాగితం మీదికి వంగి, ఆర్మూర్ పిల్ల పేరు రాసిండు.

ఇప్పుడు చెప్పుకోవాలె గద, ఆ టైముల నాకు బాధ కాలేదు. లోపట చల్లగ అనిపించింది. నా పిల్ల అని చూడలేదు, న్యాయంగ ఉన్న అనుకున్న. రేపు ఎవ్వలూ నన్ను ఒక్క మాట అనలేరు అనుకున్న. వేరే బడి పిల్ల అయి ఉంటె, ఆమెకు బంతి రాలేదు, ఇంకో పది నిమిషాలు ఇద్దామని నేనే మొదలు అనేదాన్ని. ఆ ఆలోచన తర్వాత వచ్చింది. చాలా తర్వాత.

పెద్దసారు పేర్లు చదివిండు. పేరు వచ్చిన పిల్ల లేచి అవతల వరుసకు పోతుండె. మా ఆరుగురిల ఇద్దరికి వచ్చినయి. అందరి తర్వాత గోల్‌కీపర్ల పేర్లు చదివిండు. మా పిల్ల ఇంకా ప్యాడ్లు ఇప్పలేదు. చదువుడు అయినంక నేల మీద కూసొని ఒక్కొక్క పట్టీ ఇప్పుకున్నది. ఎప్పుడు ఇప్పేదాని కన్న ఎక్కువ సేపు పట్టింది. నేను దూరంకెళ్లి చూసిన. దగ్గరికి పోలేదు. తల్లిదండ్రులు ఇంకా ఉన్నరు, వాళ్ల ముందట పోయి మాట్లాడుడు బాగుండదని నాకు నేనే చెప్పుకున్న.

బస్సుల వాపసు వచ్చినం. నేను ముందల కూసున్న, పిల్లలు ఎనక. జానకంపేట దాటినంక పోయి మాట్లాడుత అనుకున్న, తర్వాత ఎడపల్లి దాటినంక అనుకున్న. అట్ల అనుకుంటనే బోధన్ వచ్చింది. బస్టాండ్ల వాళ్ల బాపు డ్యూటీ దిగి, ఖాకీ బట్టల మీదనే నిలవడి ఉన్నడు.

"ఏమైంది బిడ్డా?" అని అడిగిండు.

"కాలేదు బాపు" అన్నది.

ఆయన ఆమె చేతులున్న సంచి తీసుకున్నడు. నాకు దండం పెట్టి, "ఇంత దూరం తోల్కపోయిన్రు మేడం, అదే చాలు" అన్నడు. నేను ఏదో అన్న. ఏమన్ననో యాదికి లేదు.

సోమవారం పొద్దున ఐదున్నరకు గ్రౌండుకు పోతె ఆమె లేదు. ఆటల గది మెట్టు మీద ప్యాడ్లు, గ్లౌజులు, హెల్మెట్ పెట్టి ఉన్నయి. కడిగి, ఆరబెట్టి, పట్టీలు చుట్టి మరీ పెట్టింది. బడికి వచ్చింది, తరగతిల కూసున్నది. నేను ఎదురువడితె "నమస్తే మేడం" అన్నది, అందరు పిల్లలు అన్నట్టు.

ఆ వారంల ఒక సాయంత్రం వాళ్లింటికి పోయిన. వాళ్లవ్వ ఒళ్లె చాట పెట్టుకొని బీడీలకు తునికాకు కత్తిరించుకుంట కూసున్నది. లేవబోతె వద్దని నేనే పక్కన కూసున్న. చాయ పెడుత అన్నది, వద్దన్న.

"ఇప్పుడు పొద్దుగాల మంచిగ నిద్రపోతున్నది మేడం. గ ప్యాడ్లు మోసుడు తప్పింది" అన్నది నవ్వుకుంట. "లోపట్నే ఉన్నది. పిలువాల్నా?"

తలుపుకు పాత చీర పరద వేసి ఉన్నది. దాని కింద ఆమె కాళ్లు కనవడ్డయి. పరద ఎనకనే నిలవడి ఉన్నది.

"చదువుకోనియ్యిండ్రి" అని చెప్పిన. పదో తరగతి పరీక్షల గురించి, లెక్కల గురించి ఇంకో పది నిమిషాలు మాట్లాడి లేచి వచ్చిన.

తర్వాత కొన్ని రోజులు అలవాటు కొద్ది ఐదున్నరకే గ్రౌండుకు పోయిన. ఒక రోజు ఖాళీ గోల్లకు బంతులు కొట్టిన. వంద లెక్కపెట్టిన. అన్ని లోపలికే పోయినయి. తెచ్చుకోవాల్సింది గూడ నేనే. మరుసటి రోజు నుంచి ఆరున్నరకు పోవుడు మొదలువెట్టిన.

ఆ పిల్ల పదో తరగతి పాసయి ఇంటర్ కాలేజీకి పోయింది. ఆర్మూర్ పిల్ల రాష్ట్ర పోటీలకు పోయింది గని, రెండో గోల్‌కీపర్‌ను బెంచి మీదనే కూసోబెడుతరు, ఆమెకు ఒక్క మ్యాచుల గూడ ఆడే మోక రాలేదని పెద్దసారు ఎప్పుడో చెప్పిండు. అది విన్నంక నాకు తేలికయితదనుకున్న. కాలేదు. మా పిల్లను గూడ బెంచి మీదనే కూసోబెడుతుండ్రి. అయినా ఆ బెంచి మీద కూసునే హక్కు ఎవరిదో మేము సరిగ చూడలేదు.

మరుసటి ఏడు సెలక్టర్‌గ పిలిస్తె ఆరోగ్యం బాగలేదని చెప్పిన. ఆ తర్వాత రెండేండ్లు గూడ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్న. పిలుచుడే బందయింది.

నా భర్త మస్కట్ నుంచి పూర్తిగ వచ్చేసి ఐదారేండ్లయింది. ఆయన మంచోడే. ఇంట్ల మనిషి అలికిడి ఉంటె నా ఒంటరితనం పోతదనుకున్న. ఒక రోజు అన్నం తినుకుంట ఆయనకు చెప్పబోయిన.

"ఒకసారి సెలక్షన్ల ఒక పిల్లను టీములకు తీసుకోలేదు" అని మొదలువెట్టిన.

"అందరిని ఎట్ల తీసుకుంటరు? పద్దెనిమిది మందే గద" అన్నడు. ఆయన అన్నది తప్పు కాదు. పప్పు గిన్నె ఇటు జరుపుమన్నడు. జరిపిన. అక్కడికి ఆ ముచ్చట అయిపోయింది.

ఆ తర్వాత నాకు నిజామాబాద్ టౌన్ల ఒక బడికి బదిలీ అయింది. ఇల్లు బోధన్‌లనే, రోజు బస్సుల పోయి వస్తున్న. పోయినేడు వానాకాలం ఒక పొద్దున ఎక్కినంక, కొత్త కండక్టరమ్మ ఒక్కొక్క సీటు దగ్గరికి వచ్చుకుంట నా దగ్గర ఆగింది.

"ఆధార్ చూపెట్టుండ్రి. నిజామాబాదా?"

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినా కార్డు చూసి సున్న టికెట్టు కొట్టిస్తరు. కార్డు తీసి ఇచ్చి మొఖం చూసిన. ఆమెనే. మనిషి లావయింది, జుట్టు ముడి వేసుకున్నది, మెడల పుస్తెలు. కార్డు మీద నా పేరు చూసింది, నా మొఖం చూడలేదు. టికెట్టు చింపి ఇచ్చి ఎనక సీటుకు పోయింది.

పదిహేను రోజులు అట్లనే నడిచింది. నేను కార్డు ఇచ్చుడు, ఆమె టికెట్టు ఇచ్చుడు. వాళ్ల బాపు డ్యూటీల ఉండంగనే గుండెపోటు వచ్చి చనిపోయిండని, ఆ ఉద్యోగం ఆమెకు వచ్చిందని పక్కన కూసున్న ఆడమనిషి చెప్తె తెలిసింది. నాకు దండం పెట్టిన ఆయన చేతులు యాదికి వచ్చినయి. ఆయన పోయింది గూడ నాకు తెల్వదు. ఒక్క ఊరి దూరంల ఉండి తెల్వదు.

ఒక శనివారం బడి మధ్యాహ్నానికే విడిస్తె రెండు గంటల బస్సు ఎక్కిన. వాన పడుతుండె. బస్సుల పది మంది గూడ లేరు. ఆమె టికెట్లు కొట్టుడు అయిపోయి ముందటి సీట్ల కూసున్నది. నేను లేచి పోయి ఆమె ఎనక సీట్ల కూసున్న.

"నన్ను గుర్తు పట్టినవా?" అని అడిగిన.

"మొదటి రోజే పట్టిన మేడం."

"మరి మాట్లాడలేదు."

"మీరు మాట్లాడలే."

నిజమే. వాళ్ల బాపు గురించి అడిగిన, చెప్పింది. ఒక కొడుకు ఉన్నడట, అవ్వ దగ్గర ఉంటడట. ఆమె గొంతుల కోపం లేదు. అంత మామూలుగ మాట్లాడుతుంటెనే నాకు ఇంక ఆపుకోబుద్ధి కాలేదు. ఆ రోజు పెద్దసారు అడిగింది, నేను అక్కర్లేదన్నది, గేటు దగ్గర మనిషి మాటలు, నా భయం, అన్ని ఒక్కతీర్గ చెప్పేసిన.

ఆమె టికెట్టు మిషన్‌ను ఒళ్లె పెట్టుకొని విన్నది. బస్సు ఒక దగ్గర ఆగితె లేచి, ఎక్కిన ముసలాయనకు టికెట్టు కొట్టి మల్ల వచ్చి కూసున్నది.

"ఆ పది నిమిషాలు ఇచ్చినా నేను ఆపుదునో లేదో, ఎవలకెరుక మేడం" అన్నది. "గ ఆర్మూర్ పిల్ల మస్తు ఆడింది. నేను అవతలి కొసకెళ్లి సూస్తనే ఉన్న గద. నాకన్న మంచిగ ఆడిందని అప్పుడే అనుకున్న. నాకు గది బాధ కాదు."

"మరేంది?"

ఆమె కిటికీ దిక్కు చూసింది.

"వాపసు వచ్చేటప్పుడు మీరు ముందల కూసున్నరు. ఎడపల్లి కాడ నేను లేచి మీ దగ్గరికి వచ్చిన. మీ పక్క సీటు ఖాళీగుండె. మీరు నన్ను సూసి దాని మీద బ్యాగు పెట్టిన్రు."

బ్యాగు సంగతి నాకు యాదికి లేదు. ఇప్పటికీ లేదు. ఎంత తోడినా ఆ బస్సుల నుంచి నాకు బయటి పొలాలే కనవడుతయి, ఆమె వచ్చి నిలవడ్డది కనవడదు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నేనే పెట్టి ఉంట.

"నాకు యాదికి లేదు బిడ్డా" అని చెప్పిన.

"ఉండది మేడం. మీకెందుకుంటది" అన్నది. ఎత్తిపొడుపు కాదది. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. "టీముల తీసుకోకుంటె ఏమాయె. తెల్లారి ఐదున్నరకు మల్ల వచ్చేదాన్నే. మీరే వద్దనుకున్నరనుకున్న."

ఆమె భుజం మీద చెయ్యి పెడదామనుకున్న గని, ఖాకీ చొక్కల ఉన్న ఉద్యోగి, బస్సుల నలుగురు చూస్తున్నరు. మల్ల ఆ నలుగురే అడ్డమొచ్చిన్రు నాకు. అది తెలిసి గూడ చెయ్యి ఎత్తలేకపోయిన. బోధన్ బస్టాండ్ల దిగేటప్పుడు, "పోయొస్త" అన్న. "మంచిది మేడం" అన్నది.

అటెన్క బస్సుల రోజు రెండు మాటలు మాట్లాడుకునేటోళ్లం. వాన గురించి, వాళ్ల కొడుకు జరం గురించి. ఒకసారి ఆమె డ్యూటీ లేని రోజు మా బడి గ్రౌండుకు రమ్మన్న. వస్తదనుకోలేదు. వచ్చింది. చీర కట్టుకొని వచ్చి మెట్ల మీద కూసొని గంట సేపు చూసింది. కట్టె పట్టుకోమని పిల్లలు ఇస్తె వద్దన్నది. పోయేటప్పుడు మా ఇప్పటి గోల్‌కీపర్ దిక్కు చూసి, "కాళ్లు దగ్గర దగ్గర పెట్టి నిలవడుతున్నది. ఎడం పెట్టుమనుండ్రి" అని నాకు చెప్పింది. ఆ పిల్లతోని ఒక్క మాట మాట్లాడలేదు. మల్ల రాలేదు. నేను మల్ల అడగలేదు.

నేను ఆ ఏడు నాకు నేనే పోయి అడిగి సెలక్షన్లల కూసున్న. పెద్దసారు ఇప్పుడు లేడు. కొత్త సెలక్టర్లు చిన్న వయసు వాళ్లు. గోల్‌కీపర్లందరిని రెండు దిక్కుల ఆడిపియ్యాలె అని చెప్తె, టైము సరిపోదు మేడం అన్నరు. పట్టుపట్టిన. సాయంత్రం దాకా అయింది, ఎండల అందరు నన్ను తిట్టుకున్నరు. పేర్లు చదివినంక, పేరు రాని పిల్లలల్ల ఒక్కొక్కల దగ్గరికి పోయిన. చాలమందికి నేను వచ్చుడు ఇష్టం లేదు. ఒక తండ్రి, "తీసుకోలేదు గద, ఇంకేం మాట్లాడుతరు" అని పిల్ల చెయ్యి పట్టుకొని తీస్కపోయిండు. భీమ్‌గల్ పిల్ల ఒకతె గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నది. పక్కన కూసున్న. ఆమె మల్లలేదు, నేను గూడ ఏం అడగలేదు. వాళ్లన్న బండి మీద వచ్చేదాక ఇద్దరం అట్లనే కూసున్నం. పోయేటప్పుడు ఆ పిల్ల చెప్పు ఒకటి జారిపోతె వంగి తీసి ఇచ్చిన. తీసుకొని పోయింది.

చలికాలంల కండక్టర్ల డ్యూటీలు మార్చిన్రు. ఆమె ఇప్పుడు బాన్సువాడ దిక్కు తిరుగుతున్నదట. పోయే ముందు చెప్పలేదు. ఒక సోమవారం ఎక్కితె వేరే మనిషి, వయసు మీద పడ్డ ఒకాయన టికెట్లు కొట్టుకుంట వచ్చిండు. ఆమె ఫోన్ నంబరు నా దగ్గర ఉన్నది. రెండుసార్లు చేద్దామని తీసి, డ్యూటీల ఉంటదేమో అని పక్కన పెట్టిన. ఈ ఆదివారం చేస్త.